వరుస ఇళ్ల ఉమ్మడి గోడ: బస్తర్‌లో అగ్ని నిరోధకత

ఒకదానికొకటి ఆనుకుని కట్టిన ఇళ్ల మధ్య ఉండే ఉమ్మడి గోడకు రెండు పనులు ఉంటాయి. మొదటిది ఇద్దరి హద్దు తేల్చడం. రెండోది, ఒక ఇంట్లో పుట్టిన నిప్పును కొంతసేపైనా పక్కింటికి పోనీయకుండా ఆపడం. ఆ కొంతసేపు ఎంత అన్నదే అగ్ని నిరోధక అవధి. నిర్మాణ నియమావళులు దీన్ని నిమిషాల్లో, గంటల్లో చెబుతాయి. గోడ మందం, పదార్థం, అందులోని కన్నాలు, పైకప్పుతో దాని కలయిక అన్నీ కలిసి ఆ అవధిని నిర్ణయిస్తాయి.

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగమైన బస్తర్‌లో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. అక్కడి పల్లెల్లో తరతరాలుగా ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ స్థలమే నిప్పుకు అడ్డుకట్టగా పనిచేసింది. బజారు వీధులు, గని పట్టణాలు, ప్రభుత్వ క్వార్టర్లు, పునరావాస శిబిరాలు వచ్చాక ఆ ఖాళీ పోయి గోడ మిగిలింది. మట్టి, ఇటుక సులువుగా దొరికే ఈ ప్రాంతంలో చాలినంత సేపు నిలిచే గోడ కట్టడం కష్టం కాదు. ఆ గోడను పైకప్పు దాకా, దాన్ని దాటి పైదాకా తీసుకుపోవడంలోనే లోపం జరుగుతోంది.

పల్లె ఇల్లు, దాని చుట్టూ ఖాళీ

అవిభక్త బస్తర్ జిల్లా వైశాల్యం 39 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే, అంటే కేరళ రాష్ట్రం కన్నా కాస్త ఎక్కువ. 1998, 2007, 2012లలో జరిగిన విభజనలతో అది బస్తర్, కాంకేర్, దంతెవాడ, బీజాపూర్, నారాయణపూర్, సుక్మా, కొండగావ్ అనే ఏడు జిల్లాలైంది. మురియాలు, మాడియాలు, హల్బాలు, ధుర్వాలు, దోర్లాలు ఇక్కడి ప్రధాన ఆదివాసీ జనం. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు వినిపిస్తుంది. రాష్ట్ర హద్దు అవతల ఉన్న భద్రాచలం ఏజెన్సీ ఇళ్లకూ ఈ వైపు ఇళ్లకూ కట్టుబడిలో పెద్ద తేడా కనిపించదు.

సంప్రదాయ ఇల్లు రెండు రకాలు. చెక్క గుంజలు పాతి, వాటి మధ్య వెదురు తడిక అల్లి, రెండు పక్కలా మట్టి మెత్తడం ఒకటి. తడిక లేకుండా వరస మీద వరస మట్టి వేసి గోడ లేపడం రెండోది. పైన గుగ్గిలం చెక్క దూలాలు, వెదురు వాసాలు, వాటి మీద గడ్డి గానీ నాటు పెంకు గానీ ఉంటుంది. వానలు ఎక్కువ కాబట్టి చూరు బాగా కిందికి, గోడకు దూరంగా దిగుతుంది. ఇంటి చుట్టూ దడి, లోపల పెరడు, పశువుల కొట్టం, ధాన్యపు కొట్టు విడివిడిగా ఉంటాయి.

ఈ అమరికలో ఒక ఇల్లు అంటుకుంటే గాలి వాలు మీద రవ్వలు ఎగిరితే తప్ప రెండో ఇంటికి నిప్పు చేరదు. ఆధునిక నియమావళి భాషలో దీన్ని అగ్ని విభజన దూరం అంటారు. ఒక కట్టడపు వెలుపలి గోడ నుంచి ఎదుటి కట్టడపు గోడ దాకా మీటర్లలో కొలిచే దూరం అది. భారత జాతీయ భవన నియమావళి పట్టికల్లో ఆ దూరం 3.7 మీటర్ల కన్నా తగ్గితే వెలుపలి గోడకు ఉండాల్సిన అవధి పెరుగుతుంది. దూరం ఉంటే గోడ మీద భారం తక్కువ, దూరం పోతే ఆ బాధ్యత అంతా గోడదే. వరుస ఇళ్లలో దూరం సున్నా.

వరుస ఇళ్లు ఎలా వచ్చాయి

జగదల్‌పూర్, గీదం, కొండగావ్, సుక్మా, కోంటా వంటి ఊళ్ల బజారు వీధుల్లో ముందు దుకాణం, వెనుక కాపురం ఉండే ఇళ్లు ఒకే గోడను పంచుకుంటాయి. రోడ్డు వైపు స్థలం ఖరీదు కాబట్టి ఎవరూ సందు వదలరు. ఈ ఇళ్లలో బట్టలు, నూనె, ప్లాస్టిక్ సామాను, బియ్యం బస్తాల వంటి సరుకు నిలవ ఉంటుంది. కాబట్టి ఒట్టి కాపురపు ఇంటి కన్నా వీటిలో మండే సరుకు ఎక్కువ.

రెండో తరహా గని పట్టణాలది. హైదరాబాద్ ప్రధాన కేంద్రంగా ఉన్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ బైలడిల్లా కొండల్లో 14వ నిక్షేపం గనిని 1968లో, 5వ నిక్షేపం గనిని 1977లో ప్రారంభించింది. వాటి చుట్టూ కిరందుల్, బచేలి పట్టణాలు పెరిగాయి. కొత్తవలస నుంచి వేసిన రైలుమార్గం వీటిని విశాఖపట్నంతో కలిపింది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. జగదల్‌పూర్ దగ్గర నగర్నార్ ఉక్కు కర్మాగారం 2023లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇలాంటి చోట్ల కంపెనీ కట్టిన క్వార్టర్లు ఒకటైతే, వాటి అంచుల్లో కూలీలు సొంతంగా వేసుకున్న రేకుల లైన్లు మరొకటి. మొదటి వాటికి ఇంజనీరు గీసిన నక్షా ఉంటుంది. రెండో వాటికి మేస్త్రి చూపే కొలమానం.

మూడోది పునరావాసం. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద పరల్‌కోట్ ప్రాంతంలో కొత్త ఊళ్లు వెలిశాయి. అక్కడ కుటుంబానికి విడిగా ఇంటిస్థలం, సాగుభూమి ఇచ్చారు కాబట్టి ఇళ్ల మధ్య ఎడం నిలిచింది. 2005 తర్వాత మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం కాలంలో రోడ్డు పక్కన వెలసిన శిబిరాల పరిస్థితి వేరు. దోర్నపాల్, ఎర్రబోర్, కోంటా శిబిరాల్లో వేలాది మంది ఇరుకు గుడిసెల్లో తలదాచుకున్నారు. 2006 జులైలో ఎర్రబోర్ శిబిరం మీద మావోయిస్టులు చేసిన దాడిలో 30 మందికి పైగా చనిపోయారు, గుడిసెలు తగలబడ్డాయి. అది కావాలని పెట్టిన నిప్పు. గోడల నిబంధన దాన్ని ఆపేదని చెప్పడానికి లేదు. అయితే మండే గోడలు, మండే కప్పులు సందు లేకుండా పక్కపక్కన ఉన్నప్పుడు నిప్పుకు ఏ అడ్డూ ఉండదు.

2016 నుంచి అమలవుతున్న ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో ఇంటి కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు. ఇవి ఎక్కువగా లబ్ధిదారు సొంత స్థలంలో విడిగా కట్టుకునే ఇళ్లు. కాలనీ రూపంలో ఒకేచోట కట్టినప్పుడు మాత్రం వీటికీ ఉమ్మడి గోడ సమస్య వస్తుంది.

నిప్పు గోడను ఎలా దాటుతుంది

నిప్పు గోడలోంచి పోవడం అరుదు. గోడ పైనుంచి, పక్కనుంచి, అందులోని కన్నాల్లోంచి పోవడమే ఎక్కువ.

పాత పెంకుటిళ్ల వరుసల్లో మధ్య గోడలు చూరు ఎత్తు దాకా లేచి ఆగిపోతాయి. దాని పైన త్రికోణాకారంలో ఉండే ఖాళీ అంతా వరుస పొడవునా ఒకటే. గాలి ఆడుతుందని, ఇటుక ఆదా అవుతుందని అలా వదిలేస్తారు. పక్కింట్లో మాట్లాడుకునే మాటలు, వాళ్ల పోపు ఘాటు ఇటు వస్తున్నాయంటే ఆ ఖాళీ తెరిచి ఉన్నట్టే. మంట లేచినప్పుడు వేడి పొగ ముందుగా పైకప్పు కింద చేరి, అడ్డు లేని వైపు పక్కలకు పరచుకుంటుంది. వాసాలు, అటక మీద పెట్టిన పాత సామాను వేడెక్కి, మంట కనబడకముందే పక్కింటి కప్పు అంటుకునే స్థితికి వస్తుంది.

రెండో దారి చెక్క. రెండు ఇళ్ల మీదుగా ఒకే దూలం పోతే ఆ దూలమే నిప్పుకు వంతెన. వేరువేరు దూలాలైనా 9 అంగుళాల గోడలో రెండు వైపుల నుంచి ఒకే గూట్లో చివరలు కలిసేలా పెడితే, ఆ చోట మధ్యలో ఇటుకే ఉండదు. చెక్క ఒక్కసారిగా కాలిపోదు, పైనుంచి బొగ్గుగా మారుతూ లోపలికి పోతుంది. గట్టి చెక్కలో ఈ వేగం నిమిషానికి అర మిల్లీమీటరు మేర ఉంటుంది. అందుకే లావాటి గుగ్గిలం దూలం చాలాసేపు బరువు మోస్తుంది. సన్నటి వెదురు వాసం అలా నిలవదు. కణుపుల మధ్య గాలి వేడెక్కి బొంగు పెద్ద చప్పుడుతో పగులుతుంది, నిప్పు తునకలు చుట్టూ చిమ్ముతుంది.

మూడో దారి వసారా. వరుస ఇళ్లన్నిటికీ ముందు ఒకే వసారా, దాని మీద ఒకే కప్పు ఉంటే, లోపలి గోడ ఎంత గట్టిదైనా మంట బయటి నుంచి నడుస్తుంది. నాలుగోది కరెంటు పని. పైపులు దాచడానికి గోడలో గాడి కొట్టడం, రెండు ఇళ్ల స్విచ్‌బోర్డులను ఒకే చోట వీపు వీపు ఆనించి పెట్టడం మామూలు. నాలుగున్నర అంగుళాల గోడలో అలా చేస్తే మిగిలేది పలచటి పొర మాత్రమే.

ఇంటి వాడకం కూడా లెక్కలోకి వస్తుంది. ఉమ్మడి గోడకు ఆనించి కట్టెల మోపులు పేర్చడం, పొయ్యి పైన అటక మీద ఇప్పపువ్వు, మిరపకాయలు ఆరబెట్టడం ఇక్కడ కనిపించే అలవాట్లు. వేసవిలో ఇప్పపువ్వు ఏరడానికి చెట్ల కింది ఎండుటాకులు తగలబెడతారు, తునికాకు చిగురు కోసం పొదలు కాలుస్తారు. ఆ నిప్పు అదుపు తప్పితే అడవి అంచు ఇళ్ల మీదికి వస్తుంది.

అవధిని కొలిచే పద్ధతి

గోడ ఎంతసేపు నిలుస్తుందో కొలిమిలో పరీక్షించి చెబుతారు. భారత ప్రమాణం ఐఎస్ 3809 (1979), అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 834 ఈ పద్ధతిని వివరిస్తాయి. ఐఎస్‌ఓ రేఖ ప్రకారం కొలిమి ఉష్ణోగ్రత 5 నిమిషాలకు సుమారు 576, అరగంటకు 842, గంటకు 945, రెండు గంటలకు 1049, నాలుగు గంటలకు 1153 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. గోడకు ఒక పక్క ఈ వేడి తగులుతుంటే మూడు విషయాలు చూస్తారు.

ఒకటి, గోడ కూలకూడదు, బరువు మోసే గోడైతే ఆ బరువుతోనే నిలవాలి. రెండు, మంట గానీ వేడి వాయువు గానీ దూరేలా పగుళ్లు రాకూడదు. మూడు, అవతలి ముఖం మరీ వేడెక్కకూడదు. మొదటి ఉష్ణోగ్రత మీద సగటున 140 డిగ్రీలు, ఏదో ఒక్కచోట 180 డిగ్రీలు దాటి పెరిగితే గోడ ఓడిపోయినట్టే. ఈ మూడో షరతు వరుస ఇళ్లలో కీలకం. గోడ నిలిచి ఉన్నా, అవతలి ముఖం కాలుతుంటే దానికి ఆనించిన బీరువా, పరుపు, కట్టెల మోపు అంటుకోవచ్చు.

పరీక్షలో గోడ ముక్క మీద కన్నాలుండవు, కప్పు ఉండదు, గాడి కొట్టిన మేస్త్రి ఉండడు. గ్యాస్ సిలిండర్ పేలినప్పుడు వచ్చే ఒత్తిడి కూడా ఉండదు. కాబట్టి రెండు గంటల గోడ అన్న మాట కొలిమిలో ఆ గోడకు వర్తిస్తుంది. ఇంట్లో ఆ రెండు గంటలు దక్కడం కట్టుబడి మీద ఆధారపడుతుంది. భారతదేశంలో ఇటువంటి పరీక్షలకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ పేరున్నది.

గోడ పదార్థాలు

కాల్చిన మట్టి ఇటుక కొలిమి నుంచే వచ్చింది కాబట్టి నిప్పుకు బెదరదు. 100 మిల్లీమీటర్ల మందం గల ఇటుక గోడకు పట్టికల్లో రెండు గంటల అవధి ఇచ్చారు, 170 మిల్లీమీటర్లకు నాలుగు గంటలు. అంటే మేస్త్రులు నాలుగున్నర అంగుళాల గోడ అనే సుమారు 115 మిల్లీమీటర్ల గోడ సరిగా కడితే రెండు గంటల స్థాయిని, 9 అంగుళాల గోడ నాలుగు గంటల స్థాయిని అందుకుంటాయి. ఆవంలో సరిగా కాలని ఇటుక, ఇసుక ఎక్కువై రాలిపోయే మాలు, పూడ్చని పరంజా కన్నాలు ఈ లెక్కను దెబ్బతీస్తాయి. సన్నటి గోడ మరీ పొడవుగా, ఎత్తుగా ఉంటే ఒక పక్క వేడికి వంగి ముందే కూలిపోయే ప్రమాదం ఉంది. మధ్యలో దిమ్మెలు గానీ అడ్డగోడలు గానీ దానికి దన్ను.

మట్టిగోడ మండదు, వేడిని మెల్లగా లోపలికి పోనిస్తుంది. అడుగు మందం పైబడిన మట్టిగోడ అగ్ని విషయంలో నమ్మదగినదే. తడిక గోడలో మట్టి పొర ఎంత మందంగా, పగుళ్లు లేకుండా ఉంటే వెదురుకు అంత రక్షణ. పూత రాలి తడిక బయటపడిన చోట అది ఎండు కట్టెతో సమానం. ఏటా పండుగ ముందు చేసే అలుకుడు, పూత ఆ పగుళ్లను మూసేస్తాయి, కాబట్టి అది అగ్ని రక్షణ పని కూడా.

రాతి గోడ బరువుగా నిలుస్తుంది గానీ, గ్రానైట్ వంటి రాళ్లలోని స్ఫటికం 573 డిగ్రీల దగ్గర ఒక్కసారి వ్యాకోచించి రాయి పెచ్చులు లేస్తుంది. బూడిద ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, గాలి బుడగలున్న తేలిక దిమ్మెలు పట్టణాల్లో వాడుకలోకి వచ్చాయి. వీటిలో తేలిక దిమ్మెలు తక్కువ మందంలోనే వేడిని బాగా ఆపుతాయి. ఇనుప రేకు గోడ మండదు, కానీ నిమిషాల్లో ఎర్రగా కాలి అవతలికి వేడిని వెదజల్లుతుంది, కాబట్టి దాన్ని విభజన గోడగా లెక్కపెట్టరు. ఉక్కు 550 డిగ్రీల ప్రాంతంలో సగం బలం కోల్పోతుంది. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకు వేడికి పెద్ద శబ్దంతో పగిలి ముక్కలవుతుంది.

భారతీయ నిబంధనలు

జాతీయ భవన నియమావళి తొలి ప్రతి 1970లో వచ్చింది. 1983, 2005, 2016లలో సవరించారు. అందులో నాలుగో భాగం అగ్ని, ప్రాణ రక్షణకు సంబంధించినది. నివాసాలన్నీ ‘ఎ’ వర్గం కిందికి వస్తాయి. నిర్మాణాన్ని నాలుగు తరగతులుగా విడగొట్టి, ఒక్కో భాగానికి అవధి చెప్పారు. అగ్ని విభజన దూరం 3.7 మీటర్లకు తక్కువగా ఉన్న, బరువు మోసే వెలుపలి గోడకు మొదటి తరగతిలో నాలుగు గంటలు కావాలి, నాలుగో తరగతిలో గంట చాలు. అగ్ని విభజన గోడకు ఇచ్చిన నిర్వచనం కూడా గమనించదగ్గది. నిప్పు దాటకపోవడంతో సరిపోదు, అవతలి వైపున్న వస్తువులు అంటుకునేంత వేడి కూడా గోడలోంచి పోకూడదని అది అంటుంది.

ఈ నియమావళి తనంతట తాను చట్టం కాదు, రాష్ట్రాలు, స్థానిక సంస్థలు తమ నిబంధనల్లో చేర్చుకుంటేనే అమలవుతుంది. ఛత్తీస్‌గఢ్ 2000లో ఏర్పడినప్పుడు మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన 1984 నాటి భూమి వికాస్ నియమాలు అక్కడ భవన నిర్మాణానికి ప్రాతిపదిక. 2018లో రాష్ట్రం అగ్నిమాపక, అత్యవసర సేవల చట్టం చేసింది. 74వ రాజ్యాంగ సవరణ అగ్నిమాపక సేవలను పురపాలక సంస్థల బాధ్యతల జాబితాలో చేర్చింది.

నిరభ్యంతర పత్రాలు, తనిఖీల ఒత్తిడి అంతా ఎత్తయిన భవనాల మీద ఉంటుంది. నియమావళి ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఎత్తున్నవి ఆ కోవలోకి వస్తాయి. ఒకటి రెండు అంతస్తుల వరుస ఇల్లు ఎవరి దృష్టికీ రాదు. నక్షాలో ఉమ్మడి గోడను ఒక గీతగా చూపుతారు. అది పైకప్పు కింద ఎక్కడ ఆగుతుందో ఆ గీత చెప్పదు.

తెలుగు రాష్ట్రాల నియమాల్లో వరుస ఇళ్లకు విడిగా షరతులున్నాయి. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఒక వరుసలో 8 ప్లాట్లకు మించకూడదు, రెండు వరుసల మధ్య కనీసం 6 మీటర్ల ఖాళీ వదలాలి. ఈ షరతు వెలుతురు, దారి కోసం అనిపించినా, అగ్ని దృష్టితో చూస్తే వరుసలో గోడలన్నీ విఫలమైనా నష్టం ఎనిమిది ఇళ్ల దగ్గర ఆగేలా చేస్తుంది. వరుస పొడవుకు హద్దు పెట్టడమన్నది బస్తర్ పల్లెల పాత సూత్రానికి దగ్గరగా ఉన్న నిబంధన.

ఇతర దేశాల్లో

ఉమ్మడి గోడ నిబంధన పుట్టుక అగ్నిప్రమాదాల నుంచే. లండన్‌లో 1189 నాటి కట్టడాల నిబంధన పొరుగిళ్ల మధ్య మూడడుగుల మందం, పదహారడుగుల ఎత్తు రాతి గోడను కోరింది. 1666 మహా అగ్నిప్రమాదం తర్వాత 1667 చట్టం ఇటుక, రాయి తప్ప వేరే గోడలు వద్దంది. 1707 చట్టం మరో మెట్టు ఎక్కి, ఆ గోడ పైకప్పును దాటి 18 అంగుళాలు పైకి లేవాలంది. లండన్ పాత ఇళ్ల వరుసల్లో కప్పును చీల్చుకుని పైకి కనిపించే ఇటుక గట్లు ఆ నిబంధన ఫలితమే. నేటి ఇంగ్లండ్ మార్గదర్శకాలు ఇళ్ల మధ్య గోడకు కనీసం 60 నిమిషాలు కోరతాయి. ఆస్ట్రేలియాలోనూ అంతే.

అమెరికా నివాస నియమావళిలో వరుస ఇల్లు అంటే కనీసం మూడు ఇళ్లు కలిసి ఉండి, ఒక్కోటి పునాది నుంచి కప్పు దాకా సొంతంగా లేచి, కనీసం రెండు పక్కల ఖాళీ ఉన్నది. ఉమ్మడి గోడకు, నీటి తుంపర్ల వ్యవస్థ ఉంటే గంట, లేకపోతే రెండు గంటలు. గోడ కప్పు మీద 30 అంగుళాల పిట్టగోడగా లేవాలి. అలా లేకపోతే, గోడకు రెండు పక్కలా నాలుగడుగుల మేర కప్పు పలకలు మండనివో అగ్ని నిరోధక రసాయనం ఎక్కించినవో అయి ఉండాలి. డాలస్, న్యూజెర్సీల్లో వేలాది తెలుగు కుటుంబాలు ఉండే టౌన్‌హౌసులు చెక్క చట్రంతో కట్టినవి. వాటి మధ్య తరచు జిప్సం పలకల గోడను రెండు చెక్క చట్రాల నడుమ నిలబెట్టి, రెండు వైపులా అల్యూమినియం కొక్కేలతో పట్టి ఉంచుతారు. ఒక ఇల్లు కాలితే ఆ వైపు కొక్కేలు సుమారు 660 డిగ్రీలకు కరిగి తెగిపోతాయి. కాలిన ఇల్లు తన దారిన కూలుతుంది, గోడ అవతలి ఇంటి దన్నుతో నిలుస్తుంది.

ఆ దేశాల్లో చెక్క ఇంటికి రెండు గంటల గోడ అమర్చడం శ్రమతో కూడిన పని. ఇటుకతో కట్టే మన దగ్గర అదే అవధి మామూలు గోడకే వస్తుంది. వాళ్ల నిబంధనల్లో మనకు పనికొచ్చేవి గోడ పైచివర, దూలాల చివరలు, కన్నాలకు సంబంధించినవి.

కట్టుబడిలో పాటించాల్సినవి

ఉమ్మడి గోడను పునాది నుంచి కప్పు అడుగు దాకా సందు లేకుండా లేపాలి. గడ్డి, చెక్క, పెంకు కప్పులున్న చోట కప్పును దాటించి పిట్టగోడగా పైకి తేవాలి. కాంక్రీటు స్లాబు అయితే గోడ స్లాబుకు గట్టిగా ఆని, మధ్యలో మాలు నింపితే చాలు.

పెంకుటి కప్పులో గోడను పైకి లేపితే గోడ, పెంకు కలిసే చోట వాన నీరు కారుతుంది. బస్తర్ వానల్లో అది చిన్న ఇబ్బంది కాదు. మేస్త్రులు గోడను కింద ఆపేయడానికి ఇదొక కారణం. గోడలో రేకు మడత దూర్చి పెంకు మీదికి దించి, పైన సిమెంటు పట్టీ వేస్తే కారడం ఆగుతుంది. అది కుదరకపోతే గోడను పెంకు అడుగు దాకా తెచ్చి, పెంకు కింది ఖాళీలను మాలుతో పూడ్చి, ఆ చోట పట్టెలు గోడ మీదుగా సాగకుండా రెండు పక్కలా తెంచాలి.

దూలాల చివరలు ఎదురెదురుగా కాక పక్కకు జరిపి పెట్టాలి. రెండు చివరల మధ్య కనీసం 4 అంగుళాల ఇటుక మిగలాలన్నది అమెరికా నియమావళి లెక్క. దూలం చివరను పైనుంచి కిందికి ఏటవాలుగా కోస్తే, కాలి విరిగినప్పుడు అది గోడను పెకలించకుండా జారి పడుతుంది.

వసారా కప్పును ప్రతి ఇంటి దగ్గరా గోడతో తెంచాలి. చూరు కింద కూడా గోడ బయటికి పొడుచుకు రావాలి. స్విచ్‌బోర్డులను వీపు వీపు ఆనించకుండా రెండడుగుల ఎడంతో పెట్టాలి. ఉమ్మడి గోడలో గాడి కొట్టకుండా పైపులు గోడ మీదే నడిపితే మంచిది. తప్పనిసరైన కన్నాలను ఇటుక ముక్క, మాలుతో పూర్తి మందం మేర నింపాలి. కాగితం, గుడ్డ కుక్కి పైన పూత పూయడం అగ్నికి అడ్డు కాదు.

పాత వరుసల మరమ్మతు

ఇప్పటికే ఉన్న లైన్లలో గోడ పైన వదిలేసిన త్రికోణపు ఖాళీని మూయడం అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రయోజనం ఇచ్చే పని. కింది గోడ బరువు మోయగలిగితే నాలుగున్నర అంగుళాల ఇటుకతో, లేకపోతే తేలిక దిమ్మెలతో, అదీ కాకపోతే వెదురు తడికకు రెండు పక్కలా మందంగా మట్టి మెత్తి మూయవచ్చు. గాలి కోసం కిటికీలను ముందు, వెనుక గోడల్లో పెట్టుకోవాలి.

గడ్డి కప్పులకు రూర్కీ సంస్థ ఒక పద్ధతి రూపొందించింది. మట్టి, గడ్డి తునకలు కలిపిన ముద్దకు తారు ద్రావణం చేర్చి చేసిన, వానకు కొట్టుకుపోని పూతను కప్పు మీద పూస్తారు. గడ్డి వెంటనే అంటుకోదు, రవ్వ పడ్డా పాకే వేగం తగ్గుతుంది. వరుసలోని అన్ని కప్పులకూ పూయలేకపోతే ఉమ్మడి గోడకు రెండు పక్కలా కొన్ని అడుగుల మేర పూసినా మేలే.

ఖర్చు లేని పనులూ ఉన్నాయి. కట్టెలు, ఇప్పపువ్వు, కిరోసిన్ డబ్బా ఉమ్మడి గోడకు దూరంగా పెట్టడం, పొయ్యిని వెనుక గోడ పక్కకు మార్చడం, అటక ఖాళీగా ఉంచడం అలాంటివి.

అవధి, ఫైరింజను, తనిఖీ

గోడకు గంటో రెండు గంటలో ఎందుకన్న ప్రశ్నకు జవాబు మనుషులు బయటపడటానికి, ఫైరింజను రావడానికి పట్టే కాలంలో ఉంది. దేశంలో సూచించిన ప్రమాణం పల్లెలకు 20 నిమిషాలు. జగదల్‌పూర్ పట్టణంలో అది సాధ్యమే అనుకున్నా, కోంటా, భోపాలపట్నం వైపు అడవి దారుల్లో, వాగులు పొంగే రోజుల్లో ఆ ప్రమాణం నిలబడదు. ఫైరింజను వచ్చే ఊళ్లో గోడ సమయాన్ని మిగుల్చుతుంది, రాని ఊళ్లో మంటను ఆపే పనంతా గోడే చేయాలి. కాబట్టి మారుమూల ఇళ్లకు తక్కువ నాణ్యత చాలన్న వాదన అగ్ని విషయంలో తలకిందులవుతుంది.

తనిఖీకి అనువైన సమయం ఒకటే ఉంది. గోడలు పూర్తయి, దూలాలు ఎక్కి, పెంకు గానీ రేకు గానీ వేయకముందు నిచ్చెన మీద నిలబడి చూస్తే గోడ ఎక్కడ ఆగిందో, దూలాల చివరలు ఎలా కలిశాయో, కన్నాలు పూడ్చారో లేదో కంటికి తెలుస్తుంది. గృహ పథకాల్లో ఇంటి డబ్బును దశలవారీగా, ఫొటోలు చూసి విడుదల చేసే పద్ధతి ఇప్పటికే ఉంది. వరుసగా కట్టే కాలనీల్లో ఆ దశల ఫొటోలకు ఉమ్మడి గోడ పైచివరను చూపేది ఒకటి చేరిస్తే కొత్త అధికారి, కొత్త పరీక్షశాల అవసరం లేకుండానే ఈ నిబంధన అమల్లోకి వస్తుంది. పైకప్పు వేశాక అదే లోపాన్ని వెతకాలంటే పెంకు విప్పాలి.